గోలు పోస్టు దగ్గర పహరా

బల్లెంపేట సంస్థానంలో ఒక మాటకు రెండర్థాలు ఉండటానికి వీల్లేదు. ఉన్నాయని తేలితే రెండోదాన్ని సర్క్యులర్ వేసి రద్దు చేస్తారు. పంతొమ్మిది వందల పన్నెండో సంవత్సరంలో "పోస్టు" అనే మాటకు ఈ గతి పట్టింది.

ముందు ఆ సంస్థానానికి సైన్యం ఎందుకో తెలియాలి. ఎందుకూ కాదు. రాజావారికి యుద్ధం చేసే హక్కు లేదు, దాన్ని వాళ్ళ తాతగారే సంతకం పెట్టి దొరతనం వారికి అప్పజెప్పేశారు. రెండు ఫిరంగులున్నాయి, పుట్టినరోజులకు పేలతాయి. అయినా సైన్యమన్నాక అధికారులు కావాలి, అధికారులన్నాక వాళ్ళను తయారుచేసే చోటు కావాలి. అందుకని పదిహేను ఊళ్ళ రైతులు పండించిన బియ్యం తింటూ అక్కడొక మిలిటరీ అకాడమీ నడిచేది. క్యాడెట్లు పొద్దున్నే బూట్లకు పాలిష్ పెట్టేవాళ్ళు. మధ్యాహ్నం ఆ పాలిష్‌కు తనిఖీ. తనిఖీకని ఎండలో నిలబడితే పాడైన పాలిష్‌ను సాయంత్రం మళ్ళీ పెట్టేవాళ్ళు. దీన్ని యుద్ధవిద్య అనేవాళ్ళు.

అకాడమీకి పెద్ద కర్నల్ భూపాలరాజుగారు. రాజావారి బావమరిది. అక్కగారి పెళ్ళినాడు లెఫ్టినెంటు, మేనల్లుడు పుట్టిననాడు కర్నల్. మధ్యలో ఉండే హోదాలు ఆయన దారికి అడ్డం రాలేదు. ఈయన చక్రవర్తిగారి పట్టాభిషేకం చూడ్డానికి సీమకు వెళ్ళి, చలికాలం దాకా అక్కడే ఉండిపోయి, అక్కడి మిలిటరీ కాలేజీవాళ్ళు ఫుట్‌బాల్ ఆడుతుంటే చూశారు. తెల్ల జనరళ్ళు పెద్ద వయసులో టోపీలు గాలిలోకి ఎగరేసి అరుస్తున్నారట. అది చూసి ఈయనకు కళ్ళు చెమర్చాయట. రెండు ట్రంకుపెట్టెలతో తిరిగొచ్చారు. ఒకదాన్నిండా టోపీలు, రెండోదాంట్లో డజను బంతులు, ఒక రూల్సు పుస్తకం.

వచ్చిన మర్నాడే క్యాడెట్లను వరసగా నిలబెట్టి ఉపన్యసించారు.

"యుద్ధము లేని కాలమున ఫుట్‌బాలే యుద్ధము. దీనిని మేము సీమయందు స్వయముగా చూచితిమి. కావున ఈ సీజను మొదలుకొని అకాడమీ ఫుట్‌బాలును సైనిక నిబంధనల ప్రకారము ఆడవలెను. సందేహములున్నవారు అడుగవచ్చును. అడిగినవారి పేర్లు వ్రాసికొనబడును."

ఎవరికీ సందేహాలు లేవు.

కర్నల్‌గారు రూల్సు పుస్తకం చదివారు. అందులో ప్రతి పుటలోనూ "గోలు పోస్టు" అని ఉంది. ఆయనకు పోస్టంటే ఒక్కటే తెలుసు, సిపాయి తుపాకీ పట్టుకుని పహరా కాసే చోటు. డ్రిల్లు పుస్తకంలో దానికి పన్నెండు పుటల అధ్యాయం ఉంది. పోస్టు వదలరాదు, పోస్టును సమీపించిన ప్రతివారినీ మూడుసార్లు "హుకుందార్" అని అడగాలి, మిత్రుడైతే వదలాలి, శత్రువైతే పట్టుకోవాలి. "ఎవరక్కడ వచ్చేది" అనే తెల్లవాళ్ళ మాట మన సిపాయిల నోట్లో నలిగి హుకుందార్ అయింది. నూరేళ్ళుగా అలాగే అడుగుతున్నారు, ఏమని అడుగుతున్నామో అడిగేవాడికీ తెలియదు, చెప్పేవాడికీ తెలియదు. పని మాత్రం జరిగిపోతోంది.

సర్క్యులర్ నంబరు నలభై ఏడు ఇలా వచ్చింది: "ఇందుమూలముగా సమస్తమైన క్యాడెట్లకు తెలియజేయడమేమనగా, గోలు పోస్టు కూడ పోస్టే యగుటచేత, దానియందు నిలుచు క్యాడెట్టు పహరా సిపాయియే యగును. పహరా అధ్యాయములోని సమస్త నిబంధనలును అతనికి వర్తించును. పోస్టు అను మాటకు మరియొక అర్థము కలదని వాదించుట క్రమశిక్షణా రాహిత్యము."

గోలు దగ్గర నిలబడే క్యాడెట్టు కర్రి తవిటినాయుడు. పందొమ్మిదేళ్ళవాడు. బర్మా యుద్ధంలో వంతెనలు కట్టే సేపర్ల పటాలంలో పనిచేసి నాయక్ హోదాతో పింఛనుకొచ్చిన కర్రి అప్పలనరసయ్య కొడుకు. కుప్పల కాలంలో కిందనుంచి విసిరిన వరిమోపుల్ని కుప్పమీద నిలబడి అందుకున్న చేతులు వాడివి. మోపుకన్నా బంతి తేలిక. ఎటునుంచి వచ్చినా పట్టేవాడు.

వాడికి కావలసింది ఒకటే. సీజను అయిపోయాక అకాడమీ ఇచ్చే సర్టిఫికెట్టులో "నడవడి" అని ఒక గడి ఉంటుంది. అందులో ఎర్రసిరాతో "బహుబాగు" అని పడితే సేపర్ల పటాలంలో తీసుకుంటారు. పడకపోతే పోలీసు జవానుగా కూడా పనికిరాడు. అప్పలనరసయ్య ఆ ఒక్క మాటకోసం కొడుకును మూడేళ్ళు పొలం పనికి దూరంచేసి బూట్లకు అప్పగించాడు.

సుబేదారు కొల్లి రామన్న తవిటినాయుణ్ణి రెండు కర్రల మధ్య నిలబెట్టి కొత్త డ్రిల్లు నేర్పాడు.

"ఏరా నాయుడూ, బంతొస్తే ఏటి సేత్తావు?"

"పట్టీసుకుంటానండి."

"పట్టీసుకుంటే నీకు శిచ్చ. ముందు ఎటెన్షన్‌లో నిలబడాల. హుకుందార్ అనాల. మూడుసార్లు, మజ్జిలో ఊపిరి పీల్చుకోని."

"మూడుసార్లనీసరికి బంతి లోపలికెల్లిపోద్ది కదండి."

"ఎల్తే ఎల్లనీ. అడక్కుండా ఎల్తే మన తప్పు. అడిగినాక ఎల్తే దాని తప్పు."

"గోలయిపోద్ది కదండి మరి."

"గోలుతో నీకేటి పనిరా గుంటడా? నువ్వు పోస్టు సూసుకో."

మొదటి పోటీ మిషన్ హైస్కూలుతో. మిషన్ పిల్లలు బక్కపిల్లలు, సగంమందికి బూట్లు లేవు. ఆట మొదలైన రెండో నిమిషంలో ఒక పిల్లాడు బంతి తీసుకుని గోలువైపు వచ్చాడు. తవిటినాయుడు మడమలు కలిపి, ఛాతీ విరిచి, "హుకుందార్" అన్నాడు. పిల్లాడు బెదిరిపోయి ఆగాడు. ఏమీ జరగకపోయేసరికి తన్నాడు. రెండో హుకుందార్ అనేటప్పటికి బంతి తవిటినాయుడి చెవి పక్కనుంచి పోయింది. మూడోది వాడు వెనక్కి తిరిగి, లోపల ఆగి ఉన్న బంతితో అన్నాడు. నిబంధన అదే కదా.

తొమ్మిది గోల్సయ్యాయి. మిషన్ పాదరీగారు ఈ కేక అకాడమీవాళ్ళ ప్రార్థన అనుకుని, ప్రతిసారీ టోపీ తీసి తల వంచారు.

మర్నాడు విచారణ జరిగింది. ఓడిపోయినందుకు కాదు. తొమ్మిదిసార్లు అడిగినా బంతి జవాబివ్వనందుకు.

"బంతి మౌనము వహించినది," అన్నారు కర్నల్‌గారు. "పోస్టు ముందర మౌనము నేరము. నేరస్థుని శిక్షింపవలెనా, మన్నింపవలెనా అనునదే ప్రశ్న."

సంస్థానం వకీలు జోగారావు పంతులు గొంతు సవరించుకున్నారు. "చిత్తం. అయితే బంతికి వాక్కు లేదు. వాక్కులేని వస్తువు దాని వెంటవచ్చు మనుష్యుని సంరక్షణలో ఉన్నట్లు భావించవలెను. బండిలోని బస్తా మాట్లాడదు, బండివాడు మాట్లాడును. కనుక తన్నువాడే బంతి తరఫున జవాబు చెప్పవలెను."

దీన్ని తెలివి అన్నారు. సర్క్యులర్ నంబరు యాభై మూడు వచ్చింది. బంతితో వచ్చే మనిషి పోస్టుకు పదడుగుల దూరంలో బంతిని కాలికింద పెట్టి ఆగాలి. పహరావాడు మూడుసార్లు అడుగుతాడు. వచ్చినవాడు తాను ఎవరో చెప్పాలి. శత్రువని చెబితే పహరావాడు బంతిని పట్టుకోవచ్చు. "ఫరెండు" అని చెబితే పహరావాడు సలాం కొట్టి "పాసు ఫరెండు, ఆలు వెల్లు" అని వదిలెయ్యాలి. దీని నకళ్ళు ఆడటానికి రాబోయే జట్లన్నిటికీ పంపారు, మర్యాద కోసం.

రెండో పోటీ పోలీసు లైన్ల జట్టుతో. కాయితం చదివిన పోలీసులు ఆ సాయంత్రం ఎంతో క్రమశిక్షణతో ఆడారు. ప్రతివాడూ పదడుగుల దగ్గర ఆగాడు.

"హుకుందార్. హుకుందార్. హుకుందార్."

"ఫరెండు."

తవిటినాయుడి చేతులు తమంతట తామే ముందుకొచ్చాయి. సుబేదారు గీత అవతలనుంచి దగ్గాడు. చేతులు వెనక్కి వెళ్ళాయి.

"పాసు ఫరెండు, ఆలు వెల్లు."

సలాం. గోలు.

పద్నాలుగయ్యాయి. ఆఖరి మూడూ హెడ్డు కానిస్టేబులు కొట్టాడు. ఆయనకు బొజ్జ, పరిగెత్తలేడు. నడిచొచ్చి, కాసేపు ఆయాసం తీర్చుకుని, తవిటినాయుణ్ణి "బాగున్నావా బాబూ" అని పలకరించి మరీ కొట్టాడు.

కర్నల్‌గారి నివేదిక ఆ రాత్రి కాకుండానే దర్బారుకు చేరింది: "నేటి పోటీయందు శత్రువు ఒక్కడైనను మన పోస్టును దాటలేకపోయెను. పదునాలుగు మారులును దాటినవారు మిత్రులే."

రాజావారు చదివి, "గెలిచిందెవరు?" అని అడిగారు.

కర్నల్‌గారు ఆలోచించి, "మైత్రి" అన్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. మూడో పోటీకి కలెక్టరు దొరగారు వస్తున్నారని తెలిసింది. రైల్వే లోకోషెడ్డు జట్టుతో ఆ పోటీ. దొరగారి ముందు మైత్రి చాలదు, గెలవాల్సిందేనని రాజావారు కబురంపారు. అకాడమీలో మూడు రోజులు సభ జరిగింది. గోల్లో ఉన్నవాణ్ణి బంతి పట్టుకోనిస్తే పోదా అని ఆ మూడు రోజుల్లో ఒక్కడూ అనలేదు. అలా అంటే నలభై ఏడో నంబరు తప్పని అన్నట్టవుతుంది. సర్క్యులర్ తప్పవడం కన్నా గోలవడం మేలని అధికారులందరికీ లోపల తెలుసు.

చివరికి దారి దొరికింది. మిత్రుడని నోటితో చెబితే సరిపోదు, ఆనాటి గుర్తుమాట కూడా చెప్పాలి. చెప్పలేనివాడి బంతిని పట్టుకోవచ్చు. శత్రువు నోరు తిరగని మాట కావాలని కర్నల్‌గారు స్వయంగా నిఘంటువు తిరగేసి "ప్రత్యుత్పన్నమతిత్వము" అనే మాట ఏరారు. సమయానికి తట్టే తెలివి అని దానర్థం. అకాడమీలో ఆ మాట వినబడటం అదే మొదటిసారి. సర్క్యులర్ నంబరు అరవై ఒకటి.

ఇక్కడ చిన్న చిక్కు వచ్చింది. గుర్తుమాట అమలులో ఉన్న రోజున అది తెలియనివాణ్ణి గేటు దాటనివ్వకూడదని డ్రిల్లు పుస్తకం. లోకోషెడ్డువాళ్ళు గేటు దాటకపోతే పోటీ లేదు. కనుక గేటు దగ్గరి సిపాయికి ఆర్డరిచ్చారు, వచ్చినవాళ్ళకు గుర్తుమాట నేర్పి లోపలికి పంపమని.

లోకోషెడ్డు జట్టు పెద్ద గేదెల సింహాచలం. ఫిట్టరు. ముంజేతుల దాకా మసి, నవ్వితే పళ్ళొకటే తెలుపు. షెడ్డువాళ్ళు వేసే నాటకాల్లో పద్యాలన్నీ అతనివే.

"గుర్తుమాట సెప్పండి," అన్నాడు గేటు సిపాయి.

"మాకేటి తెలుసు బాబూ? మేం షెడ్డునుంచొచ్చినాం."

"తెలకపోతే నాను సెప్తాను. మీరు తిరిగి సెప్పాల."

"నువ్వే సెప్పి మళ్ళీ మమ్మల్నే అడుగుతావేటి?"

"ఆర్డరు. అనండి. పెత్తి... పెచ్చుత్... ఉండండి, కాయితం సూత్తాను."

పదకొండుమందికి నేర్పడానికి అరగంట పట్టింది. ఒకడు "పత్తిపన్ను" అన్నాడు, ఒకడు "పిచ్చిపన్ను మతి" అన్నాడు. గేటు సిపాయికి ఏది సరైనదో తెలియక అందర్నీ వదిలేశాడు. సింహాచలం మాత్రం కాయితం అడిగి తీసుకుని, పెదాలు కదుపుతూ రెండుసార్లు చదువుకున్నాడు.

ఆ ఉదయమే అప్పలనరసయ్య ఊరినుంచి నడిచొచ్చాడు. ఛాతీమీద బర్మా పతకం. కొడుకు బూట్లు చూసి, గుండీలు చూసి, సంతోషించాడు.

"అయ్యా," అన్నాడు తవిటినాయుడు. "గుర్తుమాట సెప్పినోడి బంతి ఒగ్గీమంతన్నారు. ఒగ్గితే ఓడిపోతాం. పట్టితే కాయితం పోద్ది."

"ఆల్లు పెద్దోల్లురా. ఏదో ఆలోసించే రాసుంతారు."

"నాకైతే ఏటీ ఆలోసించినట్టు అవుపడ్లేదయ్యా."

"పైవాడి మీద అలాటి మాటలాడకు. మాండలేలో మా కేప్టెన్ దొర నదిలోకి నడమన్నాడు, నడిసినాం."

"నడిస్తే ఏటైంది?"

అప్పలనరసయ్య పతకం మీద చెయ్యి వేసుకున్నాడు. "పదకొండుమంది పోనారు," అన్నాడు. తరవాత కొడుకు కాలరు సరిచేశాడు.

పోటీ మొదలైంది. పందిట్లో రాజావారు, దొరగారు, సీమనుంచి తెచ్చిన టోపీలతో అధికారులు. టోపీలు ఎప్పుడు ఎగరెయ్యాలో కాయితంమీద రాసి పంచారు.

షెడ్డువాళ్ళు బాగా ఆడారు. బంతి ఎప్పుడూ అకాడమీ వైపే ఉంది. కాని పదడుగుల దగ్గర ఆగి గుర్తుమాట చెప్పాలనేసరికి వాళ్ళ నోళ్ళు మొరాయించాయి.

"పత్తి... పత్తిపన్ను..."

తప్పు. తన్నాడు. తవిటినాయుడు పట్టేశాడు. ఎన్నాళ్ళకో చేతికి బంతి తగిలింది. ఒకటి, రెండు, ఆరు పట్టాడు. ఎడమవైపు గాలిలో తేలి పట్టాడు, నేలమీద పడి పట్టాడు. జనం గోల పెట్టారు. పక్కన నిఘంటువు పట్టుకుని నిలబడ్డ వకీలు పంతులు ప్రతి మాటనూ అక్షరం అక్షరం సరిచూసి, తప్పని చెయ్యెత్తేవారు.

రెండో సగంలో అకాడమీవాళ్ళు ఒక గోలు కూడా చేశారు. డ్రిల్లు పుస్తకంలో దాడి అధ్యాయం ప్రకారం పదిమంది భుజానికి భుజం ఆనించి, ఎడమకాలు ఎడమకాలుతో వేస్తూ, బంతిని ముందు పెట్టుకుని కవాతుగా నడిచారు. షెడ్డు గోల్లో ఉన్న బొగ్గుకూలీ ఇలాటిది ఎప్పుడూ చూడలేదు. రైలొస్తే తప్పుకున్నట్టు పక్కకు తప్పుకున్నాడు. బంతి లోపలికి పోయింది. కవాతు ఆగమని ఎవరూ చెప్పలేదు కనుక పదిమందీ కూడా లోపలికి పోయి, అవతలి కంచెదాకా వెళ్ళారు. టోపీలు ఎగిరాయి.

ఇంక రెండు నిమిషాలుందనగా సింహాచలానికి బంతి దొరికింది. ముగ్గుర్ని తప్పించి ఒక్కడే వచ్చాడు. పదడుగుల దగ్గర బంతిని కాలికింద పెట్టి ఆగాడు.

"హుకుందార్. హుకుందార్. హుకుందార్."

"ఫరెండు," అన్నాడు సింహాచలం. తరవాత పద్యం ఎత్తుకున్నట్టు గొంతు పెంచి, ఒక్క ఒత్తు కూడా పోకుండా, "ప్రత్యుత్పన్నమతిత్వము" అన్నాడు.

పంతులు నిఘంటువు మూసి, సరేనని తల ఊపారు. సుబేదారు దగ్గాడు. తవిటినాయుడు చెయ్యి సలాముకు లేచింది. సింహాచలం తన్నాడు.

బంతి కుడి కర్ర మొదలుకేసి దూసుకొచ్చింది. ఆ చెయ్యి నుదుటిదాకా పోలేదు. తవిటినాయుడు అడ్డంగా ఎగిరి, రెండు చేతులతో బంతిని అందుకుని, గుండెకు అదుముకుని కిందపడ్డాడు.

ఈల ఊదారు. ఆట అయిపోయింది. అకాడమీ గెలిచింది.

సింహాచలం పరిగెత్తుకొచ్చి వాణ్ణి లేవనెత్తాడు. "ఎలా పట్టీసినావురా బావూ. నా జన్మలో ఇలాటి దెబ్బ తన్లేదు, అదీ పట్టీసినావు." కలెక్టరు దొరగారు లేచి చప్పట్లు కొట్టారు. రాజావారు అక్కడికక్కడే కర్నల్‌గారికి "రణధీర" బిరుదు ఇచ్చి దండ వేశారు. గవర్నరుగారికి తంతి పోయింది. పందిట్లో దండ పడుతున్న సమయానికే మైదానంలో సుబేదారు తవిటినాయుడి బెల్టు ఊడదీసి, గార్డు గదిలో పెట్టించాడు.

నేరం ఇది: "గుర్తుమాట చెప్పి అనుమతి పొందిన ఆగంతుకుని, అనగా బంతిని, పహరాయందుండి బలాత్కారముగా నిర్బంధించుట."

మర్నాడు సైనిక న్యాయస్థానం కూర్చుంది. కర్నల్‌గారు, సుబేదారు, వకీలు పంతులు. ముద్దాయి తరఫు మనిషిగా అప్పలనరసయ్యను గోడవార నిలబడనిచ్చారు. కూర్చున్న పావుగంటకే పంతులు రాస్తున్న కలం ఆపారు.

"చిత్తం, ఒక చిక్కున్నది. వీడు నేరస్థుడని తీర్మానించినచో, ఆ బంతి న్యాయముగా లోపలికి పోవలసినదే. పోయియున్నచో గోలు. గోలైనచో మనము గెలువలేదు. గెలువనిచో తమ బిరుదు..."

కర్నల్‌గారి చెయ్యి మెళ్ళోకి పోయింది. దండ ఇంకా తియ్యలేదు.

"వీడు నిర్దోషి యందుము," అన్నారాయన.

"నిర్దోషి యన్నచో అరవై ఒకటో నంబరు దోషమగును."

"సర్క్యులరునకు దోషముండదు."

"చిత్తం. ఉండదు."

తవిటినాయుడు ఎటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. ఇన్నాళ్ళలో మొట్టమొదటిసారి కర్నల్‌గారికే ఒక ఆలోచన వచ్చింది.

"బంతి ఏ వైపునకు వచ్చినది?"

"కుడి కర్రవేపండి," అన్నాడు సుబేదారు.

"ఆ కర్రను ఏమందురు?"

"పోస్టండి."

"పోస్టు." కర్నల్‌గారు లేచి నిలబడ్డారు. "పోస్టే బంతిని ఆపినది. తన విధిని తాను నిర్వర్తించినది. దానికి నోరు లేదు గనుక హుకుందార్ అడుగనక్కరలేదు, చెవులు లేవు గనుక గుర్తుమాట దానిని బంధింపదు. విజయము విజయమే. సర్క్యులరు సర్క్యులరే. వ్రాసికొనుడు. కుడి పోస్టునకు లాన్స్ నాయక్ హోదా ఇవ్వడమైనది."

పంతులు లేచి నమస్కారం చేశారు. అప్పటికప్పుడే ఒక పెయింటరును పిలిపించి, హోదాకు గుర్తుగా కర్రకు మనిషి ఎత్తున ఎర్ర పట్టీ వేయించారు. అటు పోయేవాళ్ళు దానికి సలాం కొట్టాలని ఆర్డరు.

కాని ముద్దాయి మిగిలిపోయాడు. కర్ర ఆపితే వీడేం చేస్తున్నట్టు? పంతులు ఒక కాయితం రాశారు. కింద వేలు పెట్టి చూపిస్తూ సుబేదారు మెల్లిగా అన్నాడు:

"సంతకం పెట్టీరా నాయుడూ. పెడితే ఇప్పుడే సర్టిఫికెట్టు. బహుబాగు. ఎర్రసిరా నా ఎదర్నే ఉంది సూడు."

తవిటినాయుడు కలం తీసుకున్నాడు. వాడి కళ్ళు ఎర్రసిరా బుడ్డి మీద ఉన్నాయి.

"బాబూ," అన్నాడు గోడవారనుంచి అప్పలనరసయ్య. "నాకు సదువు రాదు. అందులో ఏటుందో ఒక్కసారి సదివి ఇనిపించండి."

పంతులు చదివారు. "బంతి వచ్చిన సమయమున నేను పోస్టునందు లేను. బంతిని నేను తాకలేదు."

"లేడని రాసినారా?"

"అవును. లేడనియే."

"సుబేదారు బాబూ, తమకన్నీ కంఠతా వచ్చు. పహరాలో ఉండాల్సినోడు ఆ టైముకి లేకపోతే, దాన్నేటంతారు?"

సుబేదారుకు ముప్ఫయ్యేళ్ళ అలవాటు. అడిగిన వెంటనే మడమలు కలిపి అప్పజెప్పేశాడు. "పోస్టు ఒగ్గి పారిపోడం. దానికి శిచ్చ తుపాకీతో కాల్సీడవే."

అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు.

కర్నల్‌గారు చిరాకు పడ్డారు. "అది యుద్ధకాలమునకు చెందిన నిబంధన. ఇది ఫుట్‌బాలు."

"ఫుట్‌బాలే యుద్దమని తవఁరు సెలవిచ్చినారని మావోడు ఉత్తరం రాయించినాడు బాబూ."

"ఆ అంశము పరిశీలనలో ఉన్నది. ముసలివాడా, నీ కుమారునకు మంచి జరుగుచున్నది. అడ్డు రాకుము."

అప్పలనరసయ్య కొడుకు వైపు చూశాడు. సంతకం పెట్టమనలేదు, పెట్టొద్దనీ అనలేదు.

తవిటినాయుడు కలాన్ని బుడ్డి పక్కన పెట్టేశాడు.

"నానున్నానండి," అన్నాడు. "బంతి నానే పట్టినాను. కర్రకి తగల్లేదు. అలాగే రాసుకోండి."

"అలా వ్రాయుటకు వీలులేదు," అన్నారు పంతులు. "రికార్డు ఇప్పటికే వ్రాయబడినది. పెయింటు కూడ వేయబడినది."

"అయితే సర్టిఫికెట్టు?"

"ఎవరికి? ఆ సమయమున ఎవరును లేరని రికార్డు చెప్పుచున్నది. లేనివానికి నడవడి ఎక్కడిది?"

సుబేదారు ఎర్రసిరా బుడ్డి మూత బిగించాడు. అప్పలనరసయ్య నడిచొచ్చాడు. కొడుకు తలమీది టోపీ తీశాడు. సైన్యంలో ఎలా మడవాలో అలాగే, గీతకు గీత కలిపి మడిచాడు. బల్లమీద కర్నల్‌గారి ముందు పెట్టాడు. సలాం మాత్రం కొట్టలేదు. ముప్ఫయ్యేళ్ళలో అతను అధికారి ముందు సలాం కొట్టకుండా వెనక్కి తిరగడం అదే మొదలు.

"పదరా," అన్నాడు. "ఎండెక్కిపోతంది."

గేటు బయట సింహాచలం ఇంజను మసి తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని కాచుకుని ఉన్నాడు. ఆ పూట షెడ్డు పని మానుకుని వచ్చిన సంగతి అతను చెప్పలేదు.

"కాయితం ఇచ్చినారేటి?"

"నేదు."

"మా ఫోర్మన్‌కి కాయితాలక్కర్లేదు. బొగ్గు పార ఎత్తగలవా?"

తవిటినాయుడు తన చేతులు చూసుకున్నాడు. ఎత్తగలనన్నాడు. మూడేళ్ళుగా ఆ చేతులు చెయ్యాలనుకున్న పని అది కాదు.

సీజను ముగిశాక అకాడమీ వార్షిక నివేదిక అచ్చయింది. ముఖచిత్రం కర్నల్‌గారిది, దండతో. తవిటినాయుడి పేరు మీద గీత కొట్టడం పంతులు ఒప్పుకోలేదట, గీత కొడితే ఒకప్పుడు ఉన్నట్టు తెలుస్తుంది. హాజరు పట్టీ మొత్తం కొత్తగా, చేరిన నాటినుంచీ తిరగరాయించారు. ఏడాది మొదట్లో అకాడమీలో నలభైమంది. నివేదికలోనూ నలభై. ముప్ఫై తొమ్మిదిమంది క్యాడెట్లు, ఒక లాన్స్ నాయక్. లెక్క సరిపోయింది.

కింద కర్నల్‌గారి సంతకానికి పైన ఒకే వాక్యం ఉంది: "ఈ సీజనునందు మన పక్షమున మనుష్యనష్టము లేదు."